దగ్గుల రికార్డు

మద్దిలపాలెం, విశాఖపట్నం
11-6-1979

ఒరే వరహాలూ,

నూరేళ్ళు చల్లగా ఉండు. నీ కార్డు అందింది. చేరామని మూడు ముక్కలు గీకి చేతులు దులుపుకున్నావు. రైల్లో పిల్లకి వాంతులు తగ్గాయో లేదో రాయలేదు, నేను కట్టిచ్చిన ఆవకాయ జాడీ దారిలో కారిందో లేదో రాయలేదు. నీకంటే ఆ రైలు నయం, వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ కూతైనా కూస్తుంది.

నువ్వు వెళ్ళాక ఇక్కడొక గొడవ జరిగింది. గొడవ అని కూడా అనకూడదేమో. నువ్వు బయల్దేరే పూట మీ బావ పోర్టులో లాంచీ మీద ఉన్నాడు కదా, నువ్వేమో "అక్కా, బావ దగ్గర ఒకే సింఫనీకి మూడు రికార్డులున్నాయి, ఒకటి నాకివ్వవూ" అని చిన్నపిల్లాడిలా అడిగావు. అదే, బీథోవెన్ అనే ఆయన కట్టిన ఆరోది, మీ బావ పల్లెటూరి పాట అంటాడే, అది. మూడింట్లో ఏదిస్తే ఆయనకి బాధ ఉండదా అని ఆలోచించి, ఎప్పుడూ తిట్లు తినేది ఆ రష్యావాళ్ళదే కనక అదే తీసి నీ సంచిలో పెట్టాను.

ఆదివారం తలంటి పోసుకుని, జుట్టు ఆరకుండానే రికార్డుల పెట్టె ముందు కూచున్నాడు. "ఏటే, ఇందులో ఒకటి నేదు?" అన్నాడు.

"మా తమ్ముడడిగితే ఇచ్చీసినాను. నువ్వెప్పుడూ తిడతావు కాదేటి, ఆ దగ్గులదే ఇచ్చీసినాను" అన్నాను.

పెట్టెలో రికార్డులు ఒక్కొక్కటీ జరిపి మళ్ళీ వెతికాడు. తర్వాత "మంచి పని సేసినావు. పీడొదిలింది" అన్నాడు. జర్మనీవాళ్ళది పెట్టి, "ఇదీ! ఇదీ రికార్డంటే" అని నాకు వినపడేలా రెండు మూడుసార్లు అన్నాడు. ఆ వేళ చింతచిగురు పప్పు చేశాను. చాలా బాగుందన్నాడు. బాగుందని సగం కంచంలో వదిలేశాడు. మీ బావ సంగతి నీకు తెలియనిదేముంది, బాగుందన్న కూర తినడు, ఇదేం కూరని తిట్టింది మాత్రం మారు వడ్డించమంటాడు. ఇన్నేళ్ళు వండిపెట్టి నాకు తిట్లే అలవాటయ్యాయి.

నిజం చెప్పాలంటే నాకు ఆ మూడూ వంటింటి లెక్కన తెలుసు. ఓడ ఇంజినీరిచ్చిన జర్మనీవాళ్ళది ఎసరు పెట్టేటప్పుడు మొదలెడితే గంజి వార్చేసరికి పాటలో తుఫాను వస్తుంది. కలకత్తా నుంచి తెప్పించిన ఇంగ్లీషువాళ్ళది ఇంకా తొందర, బియ్యం ఉడక్కుండానే ఉరుములు. రష్యావాళ్ళది అన్నం మాడినా తుఫాను రాదు, ఎందుకంటే మీ బావ దాన్ని రెండోవైపు తిప్పడు. పాటలో ఊరు వస్తుంది, వాగులాంటి గెడ్డ పారుతుంది, గెడ్డ అవగానే తీసేస్తాడు. "సెత్త. మజ్జిలో ఎవుడో దగ్గుతాడు. ఇలాటిది అమ్ముకోడానికి సిగ్గుండాల" అంటాడు. మరెందుకు వేస్తావయ్యా అంటే "ఎంత సెత్తో సూద్దారని" అంటాడు. నువ్వు పట్టుకెళ్ళావు, ఇంక నాకూ ఆ సణుగుడు తప్పింది.

జాడీ సంగతి రాయి.

మీ అక్క
నారాయణమ్మ


భిలాయి
2-7-1979

అక్కకి దణ్ణాలు, బావకి ఇంకా పెద్ద దణ్ణాలు.

జాడీ కారలేదు. పిల్ల వాంతులు రాయపూర్ దాకా ఆగలేదు, ఎదురు సీటు మార్వాడీ ఆయన పంచె మీద చేసి ఆగాయి. ఇంక నా మీద కోపం చాలించు.

రికార్డు ఇప్పటికి చాలాసార్లు విన్నాను. ఎంత విన్నా నాకు ఎక్కలేదక్కా. ఇది స్టూడియోలో కాదు, హాల్లో జనం ముందు వాయిస్తూండగా పట్టిన రికార్డు. మొదటివైపు ఆఖర్న, గెడ్డ పారి పారి, పిట్టలు కూసే ముందు వాయించేవాళ్ళంతా నెమ్మదిస్తారు చూడు, సరిగ్గా అక్కడ ఎవరో దగ్గుతారు. ఆగి మళ్ళీ దగ్గుతారు. పెళ్ళిలో పీటల మీద తుమ్మినట్టు. బావ తిట్టడంలో తప్పేం లేదు.

ఏది గొప్పదని నన్నడిగితే జర్మనీవాళ్ళదే. అది నా మాట కాదు, బావ మాటే. మీ ఇంట్లో ఉండి ఐ.టి.ఐ. చదివిన రోజుల్లో నన్ను పక్కన కూచోబెట్టుకుని చెప్పేవాడు. "ఒరే బామ్మర్దీ, తుపానెవుడు బాగా తెత్తే ఆడిదే రికార్డు. ఈ జర్మనీవోడు తెచ్చిన తుపానుకి మనింటి పెంకులు లేసిపోవాల. ఆ ఇంగ్లీషోల్లదేటి, గొడుగేసుకుని బజారుకెల్లినట్టుంటాది" అనేవాడు. మరి రష్యావాళ్ళది అంటే, "దాని మాటెత్తకు" అనేవాడు. నాకు సంగీతం గురించి తెలిసిందంతా ఆ అరుగు మీద తెలిసిందే.

అయినా బావని అడక్కుండా తెచ్చుకున్నానని మనసులో పీకుతూనే ఉంది. కావాలంటే తిరిగి పంపేస్తాను. బావని అడిగి రాయి.

తమ్ముడు
వరహాలు


మద్దిలపాలెం
14-8-1979

వరహాలుకీ, మరదలికీ, పంచెలు పాడుచేసే మేనకోడలికీ అత్త దీవెనలు.

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. పంపుతాడటయ్యా అంటే, "పంపొద్దని రాయి. పోస్టోల్లు ఇసిరీసి పగలగొడతారు" అన్నాడు. వెంటనే "పగిల్తే పగిలింది. ఎవుడిక్కావాల ఆ దగ్గులు" అన్నాడు. కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళి చెంబుతో వెనక్కి వచ్చి, "ఆడు కొత్త ముల్లు యేసినాడా? అరిగిపోయిన ముల్లుతో గీత్తే గాడి పోద్దని రాయి" అన్నాడు. పీడ వదిలిందన్నావు, గాడి పోతే నీకేమిటి అన్నాను. "ఏటో అడిగినాను. అడక్కూడదేటి" అని కసురుకున్నాడు. ముసలితనం వచ్చేస్తోంది మీ బావకి.

ఇది శ్రావణమాసం కదా, నా మనసు బాగోదు. నా బిడ్డ చిలకమ్మ పోయింది ఈ నెలలోనే. పక్కింటి సన్యాసమ్మ ఒకరోజు దాన్ని చూసి ఎంత ముచ్చటగా అంది, "ఓలమ్మ, గుంట బంగారు బొమ్మలాగుంది" అని. నేనూ మురిసిపోయి అవునన్నాను. ఆ నెలలోనే కోరింత దగ్గు పట్టుకుంది. దగ్గి దగ్గి, ఊపిరి అందక నీలంగా అయిపోయేది. అప్పటికి నువ్వింకా చిన్నవాడివి, మన ఊళ్ళోనే ఉన్నావు, నీకు గుర్తుండకపోవచ్చు. సన్యాసమ్మ మంచిదే, దాన్ని నేనేమీ అనను. కానీ మీ బావ నోట మాత్రం అప్పట్నుంచి బాగుందన్న మాట మనసారా వచ్చింది లేదు. "మనకి బాగున్నదాన్ని బాగుందని పైకనకే. దిట్టి తగుల్తాది" అన్నాడు ఒక్కసారి. మళ్ళీ ఆ సంగతి మా ఇద్దరి మధ్యా రాలేదు.

రికార్డు నువ్వే ఉంచుకో. ముల్లు మార్చు.

అక్క


మద్దిలపాలెం
23-11-1981

తమ్ముడూ,

ఇది నిలబడి చదవకు, కూచుని చదువు.

మీ బావకి పక్షవాతం వచ్చింది. ఓడల్ని రేవులోకి నడిపించే పైలట్‌ని ఓడ ఎక్కించి వెనక్కి వస్తూ లాంచీలోనే కూలిపోయాడు. స్టీరింగు వదలకుండా కూలాడట, లాంచీ గుండ్రంగా తిరుగుతోంటే, ఆయనతో పనిచేసే వీర్రాజు ఒక చేత్తో ఆయన్నీ ఒక చేత్తో లాంచీనీ పట్టుకుని ఒడ్డుకి తెచ్చాడు. కుడిపక్కంతా పోయింది. మాట పోయింది. ఆసుపత్రిలో ఉంచుకోవలసినన్నాళ్ళు ఉంచుకుని, ఇంక మందులతో అయ్యేది లేదు, రెండోసారి వస్తే మనిషి దక్కడు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. తీసుకొచ్చేశాను. మనం చెప్పింది అర్థమవుతుందో లేదో డాక్టరుకే తెలియదట. ఇంక నాకేం తెలుస్తుంది?

కళ్ళు మాత్రం తెరిచి ఉంచుతాడు. ఎడమ చేయి ఆడుతుంది. ఏం కావాలయ్యా అంటే చూస్తాడు. అంతే.

నాకు ఒక్కటే కోరిక మిగిలింది. ఆదివారం ఆదివారం ఆ పెట్టె ముందు కూచునేవాడు కదా, ప్రాణం ఉండగా తనకిష్టమైనది ఒక్కసారి సుఖంగా వినిపించాలి. ఊరికే ఏదో ఒకటి వేయడం కాదు, అన్నిట్లోకీ ఏదంటే ఇష్టమో అది. తప్పుది వేస్తే చెప్పలేని మనిషి. నాకు అన్నీ ఒక్కలాగే ఉంటాయి, ఎప్పుడూ దగ్గర కూచుని విన్నదాన్ని కాదు. నీతోనే చెప్పేవాడు. ఏదో చెప్పు. వెంటనే రాయి.

నారాయణమ్మ


భిలాయి
30-11-1981

అక్కా,

ఉత్తరం చదవగానే సెలవు కోసం పరిగెత్తాను. ఫర్నేసు రిపేరు నడుస్తోంది, సెలవు కాగితం ముందు పెడితే మా ఇంజినీరు చూడను కూడా చూడలేదు. వచ్చే నెల ఎలాగైనా వస్తాను.

జర్మనీవాళ్ళది వేయి. ఇందులో ఆలోచించే పని లేదు. తుఫాను ఉన్న రెండోవైపు ముందు వేయి, గట్టిగా వేయి. బావకి ప్రాణం లేచొస్తుంది.

వరహాలు


మద్దిలపాలెం
18-1-1982

ఒరే తమ్ముడూ,

ఏడ్చాడురా! మీ బావ ఏడ్చాడు!

నువ్వు చెప్పినట్టే జర్మనీవాళ్ళది వేశాను. వీర్రాజు వచ్చి ప్లేయరు సర్దిపెట్టాడు. తుఫాను వచ్చేసరికి కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారిపోయాయి. నేను తుడుస్తూంటే మళ్ళీ వచ్చాయి. ఇన్నాళ్ళకి మొహంలో కదలిక చూశాను. వచ్చిన డాక్టరుతో చెబితే, ఈ జబ్బులో కన్నీళ్ళు వాటంతటవే వస్తాయమ్మా, దానికి అర్థం ఉండదు అన్నాడు. అర్థం ఉండదట! మీ నాన్న నాలుగు రోజులు మాట్లాడక ఏడిస్తే అప్పుడు చెప్పు నాయనా అర్థం ఉందో లేదో అన్నాను. మళ్ళీ రాలేదు ఆ డాక్టరు. రాకపోతే పీడా పోయె.

పొద్దున్నొకసారి, సాయంత్రమొకసారి వేస్తున్నాను. వేసినప్పుడల్లా ఏడుస్తాడు. సన్యాసమ్మ వచ్చి కూచుంటుంది, "బాబు బాగా ఇంతన్నాడు, నీకు మంచిరోజులొచ్చినట్టే" అంటుంది. నాకూ అలాగే అనిపిస్తోంది. మొన్న వేస్తూంటే ఎడమ చేత్తో మంచం పట్టె మీద కొట్టాడు. తాళం వేస్తున్నాడని వీర్రాజు అన్నాడు. తాళంలా లేదు గాని, నేనూ అవుననుకున్నాను.

ఒకటే భయం, ముల్లు అరిగిపోయింది. పాట మీద ఇసుక రాసినట్టు వినిపిస్తోంది. ఇక్కడ జగదాంబ దగ్గర కొట్లన్నీ తిరిగి వచ్చాడు వీర్రాజు, ఈ ప్లేయరుకి సరిపోయేది లేదట. అక్కడ దొరుకుతుందేమో చూడు.

మరదల్ని అడిగానని చెప్పు.

అక్క


భిలాయి
10-2-1982

అక్కకి,

నీ ఉత్తరం ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. మీ మరదలు దేవుడికి కొబ్బరికాయ కొట్టింది. నేను చెప్పలేదూ, బావ మనసు నాకు తెలుసని!

ముల్లు దొరికింది. పద్మనాభం ఊరి కొండలరావు ఇక్కడ స్టీలు ప్లాంటులో మా షాపులోనే చేస్తున్నాడు, మార్చిలో ఊరెళ్తున్నాడు. అతని చేత పంపుతాను. అంతదాకా రోజుకి ఒకసారే వేయి.

బావ తన వస్తువుల్ని ఎంత పదిలంగా చూసుకునేవాడో తలుచుకుంటూ ఉంటాను. చేయి కడుక్కోకుండా రికార్డు ముట్టుకోనిచ్చేవాడు కాదు. అలాంటి మనిషి ఆ దగ్గుల రికార్డుని మాత్రం ఎలా వదిలేశాడో! తెచ్చిన కొత్తలో చూశాను, మధ్యలో అంటించిన గుండ్రటి కాగితం మీద, ఒక పక్కన, నల్లటి చుక్క. గుడ్డతో తుడిస్తే జిడ్డుగా చేతికంటింది. పనికిరానిదని గుర్తు పెట్టాడు కాబోలు అనుకున్నాను. ఇప్పుడది నా దగ్గర లేదులే, మా షాపు బెంగాలీ ఆయన సరదాపడితే విని ఇమ్మని ఇచ్చాను, ఆయన దాన్ని పట్టుకునే బొకారో బదిలీ అయిపోయాడు.

బావకి నా నమస్కారం వినిపించు. వింటాడు.

వరహాలు


మద్దిలపాలెం
19-2-1982

ఒరేయ్,

అది గుర్తు కాదురా. అది కాటుక!

నీ ఉత్తరం చదివి పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా లేవలేదు. జిడ్డుగా చేతికంటింది అన్నావే, ఆముదం దీపం మీద పట్టి నేను చేసే కాటుక. నా భరిణెలోది. చిలకమ్మకి రోజూ స్నానమయ్యాక బుగ్గ మీద ఒకటి, అరికాలికి ఒకటి పెట్టేదాన్ని. ఒక పక్కన అన్నావు కదూ, మధ్యలో కాదు కదూ. బుగ్గకి పెట్టినట్టు పెట్టాడురా.

పనికిరానిదానికి ఎవడైనా దిష్టిచుక్క పెడతాడా? జర్మనీవాళ్ళదాన్ని వీధిలోకి వినపడేలా పొగిడాడు. దానికి చుక్కా లేదు, ఏమీ లేదు. సన్యాసమ్మ కొడుకు అడిగినా ఇచ్చి పంపేవాడు దాన్ని. ఇది మాత్రం తిట్టి తిట్టి వినేవాడు. బాగుందన్న పప్పు వదిలేసే మనిషని నీకు నేనే రాశాను. ఆ మనిషి పక్కన ఇన్నేళ్ళు కాపురం చేసి, నా చేత్తో తీసి నీ సంచిలో పెట్టాను. ముల్లు మార్చమను అని చెంబు పట్టుకుని వెనక్కి వచ్చిన రోజైనా నాకు బుర్ర పనిచేయలేదు.

ఇంక ఇన్నాళ్ళూ ఆయన ఏడుస్తోంటే నేను సంబరపడి మళ్ళీ మళ్ళీ వేశాను. మంచం పట్టె కొడితే తాళమనుకున్నాం. ఆపమని కొట్టాడేమో. ఇది కాదే అని ఏడ్చాడేమో. నోరు లేని మనిషిని పొద్దుటా సాయంత్రం కూచోబెట్టి ఎంత హింస పెట్టానో దేవుడికే తెలియాలి.

ఆ ప్లేయరు మూసేశాను. నువ్వు బొకారో వెళ్తావో, బెంగాలీ ఆయన కాళ్ళే పట్టుకుంటావో నాకు తెలియదు. అది తీసుకురా. మీ బావ రోజురోజుకీ చిక్కిపోతున్నాడు, గంజి కూడా సరిగా దిగటం లేదు. నీ సెలవులూ నీ ఫర్నేసులూ నాకు చెప్పకు.

నారాయణమ్మ


భిలాయి
21-3-1982

అక్కా,

రికార్డు దొరికింది. జీతం కోసుకోమని చెప్పి బొకారో వెళ్ళొచ్చాను. ఆయన భద్రంగానే ఉంచాడు, గాడి చెడలేదు. "దగ్గు ఒకటే అడ్డం గానీ మిగతాది దివ్యంగా ఉంది" అన్నాడు. నేను రికార్డు అందుకుని అట్టలో పెట్టేశాను.

రైల్లో ఒళ్ళో పెట్టుకునే తెచ్చాను. చుక్క చాలావరకు నేనే తుడిచేశాను కదా, ఇంకా కొంచెం మిగిలి ఉంది. దాన్ని చూస్తోంటే నా చేతులు నరుక్కోవాలనిపించింది.

కొండలరావు చేత రికార్డూ ముల్లూ పంపుతున్నాను. ఎండ తగలనివ్వద్దని, సంచిలో అడుగున పెట్టొద్దని చెప్పాను. ఇంటికి వెళ్ళకుండా ముందు నీ దగ్గరికే వస్తాడు. వేసిన వెంటనే బావ ఎలా ఉన్నాడో రాయి. నేను గుమ్మంలోనే కూచుంటాను ఉత్తరం కోసం.

వరహాలు


మద్దిలపాలెం
9-5-1982

వరహాలూ,

మీ బావ కర్మలన్నాళ్ళూ ఇంటినిండా జనం. నువ్వు నా ఎదురుగానే తిరుగుతున్నా ఒక్క మాట చెప్పడానికి కుదరలేదు. కుదిరినా చెప్పలేకపోయేదాన్నేమో, మొహం చూస్తూ చెప్పే మాట కాదిది. మీ బావని స్నానం చేయించి పడుకోబెట్టినప్పుడు బుగ్గ మీద కాటుక చుక్క పెట్టాను. మన ఆడవాళ్ళు నాకు మతి పోయిందన్నారు. "అదేటక్కా?" అని నువ్వూ అడిగావు. దానికి జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

కొండలరావు రికార్డు తెచ్చిన రోజు నాకు కాళ్ళు నేల మీద ఆగలేదు. వీధంతా పిలిచాను. సన్యాసమ్మ వచ్చింది, వీర్రాజు పెళ్ళాంతో వచ్చాడు, బస్సు డిపోలో పనిచేసే పక్కవాటా వాళ్ళు కూడా వచ్చారు. వీర్రాజు కొత్త ముల్లు బిగించాడు. మీ బావని దిండ్లు ఆనించి కూచోబెట్టాం. అట్ట కళ్ళ ముందు పెట్టి, ఇదిగో, తెప్పించానయ్యా అన్నాను.

ఊరు వచ్చింది. గెడ్డ వచ్చింది. ఈసారి కన్నీళ్ళు లేవు, కళ్ళు పొడిగా ఉన్నాయి. ఎప్పుడూ ఒక పక్కకి వాలిపోయే తల నిలబెట్టాడురా. నా కళ్ళతో చూశాను. అది చూసి నాకు ఒళ్ళు తెలియలేదు. సన్యాసమ్మ "ఓలమ్మ, ఎంత బాగుందే! ఇన్నాల్లూ యేసినది ఇది కాదేటి?" అంది.

నేను ఊరుకుంటే పోయేది. ఊరుకోలేదు. "ఇదేనమ్మా ఈయన పేనం! దిట్టి తగుల్తాదని ఇన్నాల్లూ పైకి తిట్టినాడు గానీ, మూడింట్లోకీ ఇదంటేనే ఇష్టం. ఇంత బాగున్నది ఇంకోటి నేదు" అని వీధి గుమ్మం దాకా వినపడేలా చెప్పాను. గర్వంగా చెప్పాను. ఆయన గుట్టు నేను కనిపెట్టానని నలుగురికీ తెలియాలని చెప్పాను.

అప్పుడు మీ బావ ఎడమ చేయి లేచింది. నెమ్మదిగా వచ్చి నా మొహం మీద పడింది. నలుగురిలో ఏనాడూ నా పక్కన కూడా నిలబడని మనిషి, బుగ్గ నిమురుతున్నాడనుకున్నాను. సిగ్గుపడ్డాను కూడా. వీర్రాజు పెళ్ళాం నవ్వింది. ఆ చేయి బుగ్గ మీద ఆగలేదు, నోటి మీదికి జారింది. బలం లేక జారిందనుకుని తీసి పక్కన పెట్టాను. మళ్ళీ వచ్చింది, మళ్ళీ నోటి మీదికే. మళ్ళీ తీసేశాను. నా మాట నేను పూర్తి చేసుకున్నాను.

పిట్టలు కూశాయి, మొదటివైపు అయిపోయింది. రెండోది కూడా వేయమన్నారు అందరూ. వేశాను. ఆయన ఏనాడూ తిప్పని వైపు. తుఫాను మొదలవగానే తల వాలిపోయింది, కళ్ళు మూసుకున్నాడు. నిద్రపట్టిందనుకుని దుప్పటి కప్పాను. మర్నాడు పొద్దున్న చెంచాతో కాఫీ పోస్తే బయటికి కారిపోయింది. ఆ తర్వాతది నీకు తెలుసు.

మీరంతా వెళ్ళిపోయాక, మొన్న మధ్యాహ్నం తలుపేసుకుని ఒక్కదాన్నే విన్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళకి మొదటిసారి ప్లేయరు దగ్గర కూచుని విన్నాను. నువ్వు చెప్పిన చోటే, అందరూ నెమ్మదించిన చోటే, ఆ దగ్గు వచ్చింది. అది పెద్దవాళ్ళ దగ్గు కాదురా. దగ్గి, ఆగి, ఊపిరి లోపలికి గట్టిగా లాక్కుని, మళ్ళీ దగ్గుతుంది. ఏ దేశంలో ఎవరి పిల్లో. దగ్గుతున్న పిల్లని అంత జనంలోకి ఎందుకు తీసుకొచ్చారో. ఆ పిల్లకి తగ్గిందో లేదో ఎవరికి తెలుసు. మీ బావ ఆదివారం ఆదివారం వినేది ఆ పిల్లనే. నేను వంటింట్లో గంజి వార్చుకుంటూ, సణుగుతున్నాడనుకున్నాను.

నలుగురి ముందు వేసిన రోజు సరిగ్గా ఆ చోటుకి నేను మాట్లాడుతూ ఉన్నాను. నా నోటి మీదికి ఆ చేయి వచ్చింది దిష్టి తగులుతుందనో, దగ్గు వినపడటం లేదనో నాకు తెలియదు. ఎందుకొచ్చినా తీసేసింది నేనే. చిలకమ్మప్పుడూ నా నోరే, ఇప్పుడూ నా నోరే. నువ్వు రాయబోయేది నాకు తెలుసు, జబ్బు ముదిరి పోయాడు, దిష్టేమిటి అక్కా అంటావు. రాయకు. డాక్టరు కూడా అలాగే చెప్పాడు.

రికార్డు, మళ్ళీ ఊరొచ్చిన కొండలరావు చేతే నీకు పంపుతున్నాను. నా దగ్గర ఉంచుకోలేను, నా నోటి మీద నాకు నమ్మకం లేదు. నువ్వు తుడిచిన చోట మళ్ళీ చుక్క పెట్టాను, చెరపకు. వినాలనిపిస్తే మొదటివైపే విని తీసేయి. ఎవరైనా వచ్చి ఎలా ఉందని అడిగితే, బాగోలేదని చెప్పు.

నారాయణమ్మ